కొండ మీద ఖర్జూరపు పిలకలు

గల్ఫ్‌లో పనిచేసి వచ్చానంటే అందరూ ఎండ సంగతే అడుగుతారు. నేను చలి గురించి చెబితే నమ్మరు. మా ఊళ్లో ఒకాయన "ఎడారిల సలేందిరా, కతలు జెప్పకు" అని నవ్వుతూ లేచిపోయాడు. అప్పటి నుంచి ఎవరికీ చెప్పడం మానేశాను. ఇప్పుడు వయసు మీద పడింది. ఆ చలికాలాన్ని చూసినవాళ్లలో నేను తప్ప ఎవరైనా మిగిలారో లేదో తెలియదు. అందుకే రాస్తున్నాను.

డెబ్బైల మధ్యలో నేనూ మా బావా ఒమన్ వెళ్లాం. బావ అంటే మా అక్క మొగుడు. మాది కరీంనగర్ జిల్లా. బావ రాతి కట్టుబడి మేస్త్రీ. గుండు దారం పట్టకుండా కంటితోనే గోడ వంకర చెప్పేవాడని మా వైపు పేరు. నాకు మట్టి పని తప్ప ఏ పనీ రాదు. వీసా ఆయనకు వస్తే, నన్ను కూడా పట్టుబట్టి తీసుకెళ్లాడు. మొదట కొన్ని నెలలు సమాయిల్ దగ్గర రోడ్డు పక్క సైట్‌లో చేశాం. అక్కడ ఎండకు పారలు చేతిని కాల్చేవి. తర్వాత కంపెనీ మమ్మల్ని జబల్ అఖ్దర్ మీదికి పంపింది. జబల్ అఖ్దర్ అంటే పచ్చకొండ. కింది నుంచి చూస్తే పచ్చదనం ఏమీ కనబడదు, అంతా బూడిదరంగు రాయి. పైకి వెళ్తే లోయ అంచుల్లో మెట్లు మెట్లుగా చిన్న చిన్న మడులు, వాటిలో దానిమ్మ, గులాబీ, అక్రోటు చెట్లు. ఖర్జూరం మాత్రం లేదు. కొండ కింద ఎటు చూసినా అదే, పైన ఒక్క చెట్టు కూడా లేదు. ఎందుకు లేదో మాకు చలికాలం వచ్చాక అర్థమైంది.

పైకి దారి అంటూ సరిగా ఉండేది కాదు. మిలటరీ వాళ్లు తొలిచిన మట్టి బాట. ట్రక్కు ఎక్కుతుంటే మేం దిగి వెనక చక్రాల కింద రాళ్లు పెట్టేవాళ్లం. వాన పడితే ఆ బాట కొట్టుకుపోయేది. బాగుచేసేదాకా పైనున్నవాళ్లు పైనే, కిందనున్నవాళ్లు కిందే.

మేం కడుతున్నది గెస్ట్ హౌస్. సర్కారు పెద్దవాళ్లు వచ్చినప్పుడు దిగడానికట. లోయ వైపు పెద్ద హాలు, దానికి నిలువెత్తు అద్దాల కిటికీలు, ముందు వరండా, వెనక గదులు. హాలు ఒక్కటే పూర్తయింది. గదులకు ఇంకా పైకప్పు పడలేదు. మేం ఎనిమిది మంది కూలీలం ఆ హాల్లోనే పడుకునేవాళ్లం. మాకు వంట చేసేది కడప నుంచి వచ్చిన ఒక సాయిబు. అతను ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు మాట్లాడేవాడు. పై అధికారి ఇంగ్లీషు ఇంజనీరు. కరాచీలో చాలా కాలం చేశాడట, ఉర్దూ తడబడకుండా మాట్లాడేవాడు. మేం ఆయన్ని దొర అనే పిలిచేవాళ్లం.

వానాకాలం మన దగ్గర ముగిసే రోజుల్లో, ఒక సాయంత్రం ట్రక్కు నిండా ఖర్జూరపు మొక్కలు వచ్చాయి. సగానికి కోసిన నూనె డ్రమ్ముల్లో నాటి, తెల్ల రంగు వేసి ఉన్నాయి. ఒక డజను. వాటి మధ్య ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. తెల్లని దిష్‌దాషా, అంటే వాళ్ల పొడుగు చొక్కా, దుమ్ముకి ఎర్రబడింది. దారి పొడవునా రెండు డ్రమ్ముల్ని రెండు చేతులతో పట్టుకుని వచ్చాడేమో, దిగాక వేళ్లు చాపలేకపోయాడు.

ఆయనది సమాయిల్. ఆ పిలకలు ఆయన తోటవే. వరండాలో కుండీల్లో పెట్టడానికి కంపెనీ వాటిని కొన్నది. నీళ్లు పోసే మనిషి కావాలంటే, తనే వస్తానన్నాడట. మేం ఆయన్ని చాచా అన్నాం. ఆయనకు ఉర్దూ కొద్దిగా వచ్చు, దానిలో అరబీ కలిపి మాట్లాడేవాడు. నాకు అర్థమైనంత వరకు ఆయన మాటల్ని ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాను.

డ్రమ్ములు దింపుతుంటే ముళ్లు గుచ్చుకుని మా చేతులు రక్తమయ్యాయి. బావ ఒక ఆకును పట్టి చూసి, "ఇవి మన ఈతచెట్ల లెక్కనే ఉన్నయి గదరా. మన వాగొడ్డుకు ఊకెనే మొలుస్తయి. వీటిని లారీల ఊరేగించుకుంట తెచ్చిండ్లా?" అన్నాడు.

దొర మాత్రం చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. ఒక్కో మొక్క చుట్టూ తిరిగాడు. చాచాతో పాటు మొక్కల పనికి నన్ను వేశాడు. చలి ముదరకముందే గెస్ట్ హౌస్ ప్రారంభం అని మాట. పది రోజులు గడవకముందే ఆ మాట మారింది. పెద్దవాళ్లకు తీరిక లేదు, చలి పోయాక చూద్దాం అన్నారు. దాంతో మొక్కలు చలికాలమంతా కొండ మీదే ఉండాల్సి వచ్చింది.

మొదటి చలి రాత్రి తెల్లారాక బయటికి వెళ్తే, నీళ్ల డ్రమ్ము మీద అద్దం పరిచినట్టు మంచు పలక. నేను వేలితో పొడిచి, విరిగిన ముక్కను చేతిలోకి తీసుకుని చూస్తూ నిలబడ్డాను. మంచు చూడటం అదే మొదలు. వరండా చివర పెట్టిన మొక్క ఆకుల కొనలు కాల్చిన కాగితంలా గోధుమరంగుకు తిరిగాయి. చాచా ఆ కొనల్ని వేళ్ల మధ్య నలిపి చూశాడు.

"దీన్ని ఏం కాల్చింది?" అని నన్ను అడిగాడు.

"చలి, చాచా."

"చలి కాలుస్తుందా?" అన్నాడు. ఆయన వెటకారంగా అనలేదు. నిజంగానే తెలియక అడిగాడు. పుట్టినప్పటి నుంచి ఖర్జూరం మధ్య బతికిన మనిషికి ఖర్జూరం చలికి ఏమవుతుందో తెలిసే అవకాశమే రాలేదు.

ఆ సంగతి తెలిసింది దొరకే. ఆయన దేశంలో వాళ్లమ్మ ఇంటి వెనక అద్దాల గదిలో కుండీల్లో ఈ జాతి చెట్లను పెంచేదట. ఎండాకాలం బయట, చలికాలం లోపల. చిన్నప్పుడు వాటి ఆకులు తడిగుడ్డతో తుడవడం తన పని అని చెప్పాడు. మమ్మల్నిద్దరినీ నిలబెట్టి తనే చేసి చూపించాడు. ఆకులన్నీ పైకి దగ్గరగా తెచ్చి జనపతాడుతో వదులుగా కట్టాలి. డ్రమ్ము చుట్టూ గోనెసంచులు చుట్టి, వాటి లోపల గడ్డి కూరాలి. వేళ్లకు చలి తగిలితే మొక్క నిలవదు. మట్టి పైపొర ఎండితేనే నీళ్లు, అదీ ఒక చెంబు. నడిమి మొవ్వులో మాత్రం చుక్క నీరు పడకూడదు. పడి గడ్డకట్టిందా, మొవ్వు కుళ్లిపోతుంది. పట్టుకుని లాగితే చేతిలోకి వచ్చేస్తుంది. ఇక ఆకులు ఎంత పచ్చగా కనబడినా ఆ మొక్క చచ్చినట్టే.

చాచా అంతా విన్నాడు. దొర వెళ్లాక నాతో, "నీళ్లు పోయొద్దు అంటున్నాడు. జీవితమంతా నేను చేసిందే నీళ్లు పోయడం" అన్నాడు.

తోట సంగతి కూడా ఆయన నెమ్మదిగా చెప్పాడు. వాళ్ల ఊరికి కొండ కడుపులోంచి వచ్చే కాలువ ఒకటి ఉండేది. దాన్ని ఫలజ్ అంటారు. వంతుల వారీగా తోటలకు నీళ్లు. కొన్నేళ్లుగా ఆ నీళ్లు తగ్గుతూ వచ్చి, ఆయన తోట దాకా రావడం మానేశాయి. కొడుకులిద్దరూ మస్కట్ పోయి డ్రైవర్లయ్యారు. ఎండిపోతున్న తల్లిచెట్ల మొదళ్ల దగ్గర బతికున్న పిలకల్ని ఆయన తవ్వి తీశాడు. తోటలో మిగిలిందంతా ఆ డ్రమ్ముల్లోనే ఉంది. కంపెనీ ఇచ్చిన డబ్బు ఆయనకు పెద్ద విషయం కాదు. అవి ఎక్కడో ఒకచోట నీళ్లున్న చోట బతుకుతాయి కదా అనుకున్నాడు.

చలి ముదిరింది. గోనెసంచులు చాలవని తేలిపోయింది. ఒక పొద్దున దొర హాలు గుమ్మంలో నిలబడి మా పక్కల వైపు, అద్దాల వైపు చాలాసేపు చూశాడు. తర్వాత మమ్మల్ని పిలిచి చెప్పాడు. హాలు దక్షిణానికి తిరిగి ఉంది, పగలంతా వెలుతురు వస్తుంది. మొక్కల్ని అందులో పెట్టాలి. ఉన్న ఒక్క కిరోసిన్ హీటరు అక్కడే ఉండాలి. మీకు గుడారాలు వేయిస్తున్నాను, మందం కంబళ్లు కింది నుంచి వస్తున్నాయి, కొన్ని వారాలే కదా అన్నాడు. గట్టిగా అనలేదు. మర్యాదగానే చెప్పాడు.

బావ ఒక్కడే అడిగాడు, తనకు వచ్చిన ఉర్దూలో. "సాబ్, చెట్లకు హాలు, మనుషులకు గుడారమా?"

"చెట్టు తనంతట తాను లేచి వెచ్చని చోటికి పోలేదు" అన్నాడు దొర.

"మేం మాత్రం పోగలమా సాబ్?"

దొర వరండాలోకి వెళ్లి డ్రమ్ములు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఆయన చెడ్డవాడని నేను ఇప్పటికీ అనను. ఎవరికైనా దెబ్బ తగిలితే తన పెట్టెలోంచి మందు తెచ్చి తనే కట్టు కట్టేవాడు. కానీ ఆ మొక్కల్ని చూసినప్పుడు ఆయన కళ్లకు వేరే ఏదో కనబడేది, మేం కనబడేవాళ్లం కాదు. పరుపులు చుట్టుకుంటూ బావ మాత్రం వేరే కారణం చెప్పాడు. "కొత్త టైల్స్ ఏసిండ్లు గద. మన కాళ్ల మురికి అంటుతదని. చెట్లు సాకురా."

మేం గుడారాల్లోకి మారాం. డ్రమ్ములన్నీ హాల్లోకి చేరాయి, గోడ నుంచి గోడ దాకా. మధ్యలో హీటరు. చాచా వాటి మధ్యే ఒక చాప వేసుకుని పడుకునేవాడు. హీటరు ఆరిపోకుండా చూడాలి కదా. పగలు నేను వెళ్లి కిరోసిన్ పోసి, ఆకులు తడిగుడ్డతో తుడిచి, అన్ని వైపులా వెలుతురు తగిలేలా డ్రమ్ముల్ని కొంచెం కొంచెంగా తిప్పేవాణ్ణి. హీటరుకు దగ్గరున్న వాటి ఆకులు ఎండిపోయేవి, దూరమున్న వాటికి చలి తగిలేది. రోజూ ఈ ముందుకీ వెనక్కీ జరపడమే పని. నిజం చెప్పాలంటే ఆ పని నాకు నచ్చింది. లోపలున్నంతసేపు వేళ్లు వంగేవి.

సాయంత్రం గుడారానికి రాగానే తోటివాళ్లు మొదలుపెట్టేవాళ్లు. "ఏం పిల్లగా, నీ చుట్టాలు మంచిగున్నరా? జెర మా సంగతి గూడ జెప్పరాదు" అనేవాళ్లు. మొదట్లో నవ్వుతూ అన్నారు. కంబళ్లు రాకపోయేసరికి ఆ మాటల్లో నవ్వు పోయింది. కింద వాన పడి బాట తెగింది. కంబళ్లు కిందే ఆగిపోయాయి. మేం ఉన్న దుప్పట్లన్నీ కలిపి, ఇద్దరిద్దరం ఒకే పక్కలో పడుకున్నాం. సిమెంటు సంచుల కాగితం చింపి చొక్కాల లోపల పెట్టుకున్నాం. వంట సాయిబు పొద్దున్నే పెద్ద గిన్నెలో చాయ్ కాచి గుడారం గుమ్మం దగ్గర పెట్టి, "తాగండప్పా, తాగండి. వేడి ఉన్నప్పుడే కడుపులో పోసుకోండి. ఇది ఒమన్ కాదు బ్బా, ఇంకేదో దేశం" అనేవాడు.

అంత చూసుకున్నా మొక్కల్లో ఒకటి పోయింది. చాచా పొద్దున్నే నన్ను పిలిచి చూపించాడు. ఆకులు పచ్చగానే ఉన్నాయి. ఆయన నడిమి మొవ్వును రెండు వేళ్లతో పట్టి, లాగినట్టు కూడా లేదు, అది మెల్లగా పైకి వచ్చేసింది. కింది కొస గోధుమరంగుగా, జిగటగా ఉంది. పులిసిన కల్లు వాసన కొట్టింది. ఆయన ఆ మొవ్వును పక్కన పెట్టి, ఆ డ్రమ్ము ముందు చాలాసేపు గొంతుక్కూర్చున్నాడు. "ఇది బావి పక్క చెట్టు పిలక" అన్నాడు. ప్రతి పిలకకూ తల్లి ఏదో ఆయనకు తెలుసు.

ఆ వారంలోనే బావకు దగ్గు పట్టింది. మొదట రాతి దుమ్ము వల్ల అనుకున్నాం. తర్వాత జ్వరం వచ్చింది. పనిలోకి వెళ్లొద్దంటే వినలేదు. గోడ మీద నిలబడి దగ్గుతుంటే ఆయన శరీరమంతా వంగిపోయేది. మూడో నాడు లేవలేకపోయాడు. ఛాతీలో ఒక పక్క పొడుస్తోందని చెయ్యి అక్కడే పెట్టుకుని పడుకున్నాడు. దొర అప్పుడు పైన లేడు. బాట తెగకముందే మస్కట్ ఆఫీసుకని దిగి, కిందే చిక్కుకున్నాడు. మిలటరీ పోస్టులో మందులిచ్చే మనిషి ఒకడుండేవాడు. నేను పరుగెత్తి వెళ్లి బతిమాలితే వచ్చి చూశాడు. మాత్రలిచ్చి, "వెచ్చగా ఉంచండి, ముఖ్యంగా అదే. బాట తెరిస్తే వెంటనే ఆసుపత్రికి" అన్నాడు.

నేను చాచా దగ్గరికి వెళ్లి, బావను హాల్లో పడుకోబెడదామని అడిగాను. ఆయన వెంటనే తలూపాడు. కానీ బావ ఒప్పుకోలేదు.

"నేను రాను. వద్దని ఎల్లగొట్టిన కాడికి మల్ల పోవుడేంది?"

"బావా, గిట్ల మొండికేస్తే ఎట్లనే? అక్కకు నేనేం జెప్పాలె?"

"మీ అక్కకు జెప్పు, చెట్ల పక్కపొంటి పడుకోలే అని."

జ్వరంలో ఉన్నా ఆయన మాటకు పదును పోలేదు. నాకు ఏడుపొచ్చింది. బయటికి వచ్చి నిలబడ్డాను.

మర్నాడు శుక్రవారం, పని లేని రోజు. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక ఆకాశం ఒక్కసారిగా నల్లబడి, వడగళ్లు మొదలయ్యాయి. రేగుపళ్లంత వడగళ్లు, వాటితో పాటు గాలి. గుడారపు మేకులు రాతి నేలలో ఎప్పుడూ సరిగా దిగలేదు. ఒక వైపు తాళ్లు తెగి, తడిసిన గుడ్డంతా మా మీద పడింది. అందరం దాని కింద నుంచి పాక్కుంటూ బయటికి వచ్చాం. బావను నేనూ సాయిబూ చెరొక భుజం పట్టుకుని లేపాం. ఆయన ఇంక వద్దనలేదు. వద్దనే శక్తి లేదు. పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. వంటపాక రేకులు అప్పటికే ఎగిరిపోయాయి. కప్పులేని గదుల్లోకి వెళ్లి ప్రయోజనం లేదు.

హాలు తలుపు తెరుచుకుంది. చాచా అక్కడ నిలబడి రెండు చేతులతో రమ్మంటున్నాడు. మేం గుమ్మంలోకి వచ్చాం కానీ లోపల కాలు పెట్టే చోటు లేదు. అంతా డ్రమ్ములే. హీటరు చుట్టూ మరీ దగ్గరగా.

చాచా వంగి మొదటి డ్రమ్ము అంచు పట్టుకున్నాడు. దాన్ని ఈడ్చుకుంటూ గుమ్మం దాటించి వరండాలోకి తోశాడు. వరండాకు ఇంకా రేకులు వేయలేదు. వడగళ్లు నేరుగా దాని మీద పడ్డాయి. ఆయన వెనక్కి వచ్చి రెండోది పట్టుకున్నాడు.

"చాచా, మొవ్వులో నీళ్లు పడతాయి. దొర వస్తే ఏమంటాడు?" అన్నాను.

"దొర రేపో ఎల్లుండో వస్తాడు. మీ బావ అప్పటిదాకా ఉండడు" అన్నాడు ఆయన. "పట్టుకో."

నేను పట్టుకున్నాను. తక్కినవాళ్లూ పట్టుకున్నారు. బరువైన డ్రమ్ములు టైల్స్ మీద గీతలు గీస్తూ కదిలాయి. గోనెసంచులు ఊడిపోయాయి, గడ్డి గాలికి కొట్టుకుపోయింది. ఒక్కటి కూడా లోపల ఉంచుకోమని చాచా అడగలేదు. రెండు మూడు మూలకు సర్దుదామని నేనే అంటే, మనుషులు కాళ్లు చాపుకోవాలి కదా అన్నాడు. హీటరు పక్కన తన చాప మీదే బావను పడుకోబెట్టి, తడి బట్టలు తీసి, తన దుప్పటి, తన తలగుడ్డ అన్నీ కప్పాడు. అరికాళ్లు చేతుల్లో పెట్టుకుని రుద్దుతూ కూర్చున్నాడు. తలుపు వైపు ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు. తలుపు ఇవతల మేమందరం గోడకు ఆనుకుని, బయట ఆకుల మీద వడగళ్లు పడుతున్న చప్పుడు వింటూ ఉన్నాం. నాతో పరాచికాలాడినవాళ్లలో ఒకడు లేచి వెళ్లి, ఊడిపోయిన గోనెసంచి ఒకటి తీసుకుని వరండాలోని ఒక మొక్క తల మీద కప్పి వచ్చాడు. ఆ గాలికి అది నిలవలేదు.

ఆ సాయంత్రం ఆకాశం తేరుకుంది. తేరుకున్న ఆకాశం కింద చలి ఇంకా ఎక్కువ. తెల్లారేసరికి మొక్కలన్నీ ఆకుల మీద మంచు గాజుపూతలా గట్టిపడి నిలబడి ఉన్నాయి. ఎండ తగిలి మెరుస్తుంటే చూడటానికి ఎంత అందంగా ఉన్నాయో చెప్పలేను. చాచా మాత్రం వాటి మధ్య చేతులు వెనక్కి కట్టుకుని నడిచాడు. దేన్నీ ముట్టుకోలేదు.

బాట తెరుచుకున్నాక మొదటి ట్రక్కులో దొర పైకి వచ్చాడు. అదే ట్రక్కులో బావను కింది ఆసుపత్రికి పంపాం. దొర స్వయంగా డ్రైవరుకు ఎలా తీసుకెళ్లాలో చెప్పి, తన కోటు తీసి బావకు కప్పాడు. ట్రక్కు వెళ్లిపోయాక మొక్కల దగ్గరికి వచ్చాడు. ఒకదాని మొవ్వు పట్టుకుని లాగాడు. వచ్చేసింది. ఇంకోదాన్ని లాగాడు. అదీ వచ్చేసింది. ఆ తర్వాత లాగడం మానేసి, చాచాను అడిగాడు.

"వాళ్లు ఎలాగో ఒక రాత్రి సర్దుకునేవాళ్లు కాదా?"

చాచా చెప్పాడు, "నువ్వు అప్పుడు ఇక్కడ లేవు."

అంతే. తిట్లు లేవు, అరుపులు లేవు. దొర మిలటరీ పోస్టు దగ్గరున్న తన గుడారంలోకి వెళ్లిపోయాడు. మర్నాడు చాచా కిందికి పోయే ట్రక్కులో దిగిపోవాలని చెప్పించాడు. కాపాడడానికి మొక్కలే లేనప్పుడు మనిషెందుకన్నది ఆఫీసు మాట. నిజానికి అప్పటికి ఇంకా నాలుగు మొక్కల మొవ్వులు గట్టిగానే ఉన్నాయి. వాటిని మళ్లీ హాల్లోకి చేర్చాం. ఈసారి మనుషుల పక్కనే. మమ్మల్ని బయటికి పొమ్మని దొర మళ్లీ అనలేదు. ట్రక్కు ఎక్కేముందు చాచా ఆ నాలుగింటినీ నాకు చూపించి, "కింది నుంచి పోస్తే తాగుతాయి. తల మీద పోయకు" అన్నాడు. అది దొర చెప్పిన మాటే. తను నేర్చుకున్న మాటను నాకు అప్పగించి వెళ్లాడు.

నేను చూసుకున్నాను. చెంబుతో కొలిచి పోశాను, తుడిచాను, తిప్పాను. ఒకటి వారంలో పోయింది. తర్వాత రెండోది. మూడోది చలి తగ్గుముఖం పట్టాక పోయింది. అదే ఎక్కువ బాధ పెట్టింది. చివరిదానికి ఒక పచ్చని కొత్త ఆకు సూదిలా లేస్తున్నట్టు కనబడింది. సాయిబును పిలిచి చూపించాను కూడా. "అల్లా దయ, ఇది నిలబడేట్టుందప్పా" అన్నాడు. నాలుగు రోజుల తర్వాత ఆ సూది పక్కకు వాలి ఉంది. మెల్లగా పట్టుకుంటే చేతిలోకి వచ్చింది.

దానిమ్మలు ఎర్రగా పూసే కాలానికి ప్రారంభం జరిగింది. దానికి రెండు రోజుల ముందు కింది నుంచి ట్రక్కులో కొత్త ఖర్జూరపు మొక్కలు వచ్చాయి. పెద్దవి, నిండుగా ఉన్నవి, తయారుగా కుండీల్లో పెట్టినవి. వాటిని వరండా పొడవునా వరుసగా నిలబెట్టాం. పెద్దవాళ్లు వచ్చి, కాఫీ తాగి, లోయ చూసి, పొద్దు వాలకముందే వెళ్లిపోయారు. ఎండాకాలం ఎలాగూ కుండీల్లో అవి బాగానే ఉంటాయి. ఆ తర్వాతి చలికి ఏమయ్యాయో నాకు తెలియదు. అప్పటికి నేను కొండ దిగిపోయాను.

బావ బతికాడు. ఊపిరితిత్తుల్లో ఒకటి సగం పాడైందని చెప్పి, ఆసుపత్రి నుంచి నేరుగా ఇండియాకు పంపించారు. మరుసటి ఏడు సెలవు మీద నేను ఊరికి వెళ్తే అరుగు మీద కూర్చుని ఉన్నాడు. మేస్త్రీ పని మానేశాడు. దుమ్ము పడదు, నాలుగు రాళ్లు ఎత్తితే ఆయాసం. గోడ కట్టే చోటికి వెళ్లి నిలబడి, "జెర లోపలికి వంగింది సూడుండ్రి" అని చెప్పి తిరిగొచ్చేవాడట. విన్నవాళ్లు విన్నారు, విననివాళ్లు వినలేదు. అక్క బీడీలు చుడుతోంది. ఆకుల తట్ట ఒళ్లో పెట్టుకుని, తల ఎత్తకుండానే నన్ను అడిగింది.

"ఆ ముసలాయన ఎట్లున్నడురా? చెట్లన్ని ఆగం జేసుకున్నడట గదా, ఈయన కోసం."

"తెల్వదక్కా. మల్ల కలువలే."

"కలువకపోతె ఎట్ల? పో, కలువు" అన్నది. వచ్చేటప్పుడు ఒక గొంగడి మడతపెట్టి నా సంచిలో పెట్టింది. సమాయిల్‌లో గొంగడి అవసరం ఉండదని చెప్పాను. ఆమె వినలేదు.

తిరిగి వెళ్లాక కంపెనీ నన్ను బహ్లా సైట్‌కు వేసింది. దారిలో సమాయిల్ దగ్గర డ్రైవరు చాయ్‌కి ఆపితే, అడుగుతూ అడుగుతూ లోపలికి వెళ్లాను. చాచా వేరే వాళ్ల తోటలో పనిచేస్తున్నాడు. నన్ను గుర్తుపట్టడానికి కొంచెం సమయం పట్టింది. చూపు తగ్గిందట. గుర్తుపట్టాక నా చెయ్యి వదల్లేదు.

"మీ బావ?"

"బతికున్నాడు చాచా. ఇంట్లో ఉన్నాడు."

"అల్‌హమ్దులిల్లా" అన్నాడు. నేను గొంగడి ఇచ్చాను. ఆ ఎండలో దాన్ని చూసి ఆశ్చర్యపోయి, వేళ్లతో నలిపి, మేకదా, గొర్రెదా అని అడిగాడు. తర్వాత దాన్నే చెట్టు నీడలో పరిచి, నన్ను కూర్చోమని, ఖర్జూరాలూ, కహ్వా అనే వాళ్ల కాఫీ తెచ్చిపెట్టాడు.

"ఆ నాలుగు?" అన్నాడు చివరికి.

నేను తల అడ్డంగా ఊపాను. ఆయనకు సరిగా కనబడలేదనుకుంటా.

"ఒక్కటైనా?"

"ఒక్కటి కూడా లేదు, చాచా."

ఆయన నా గిన్నెలో మిగిలిన కహ్వాను నేల మీద ఒలకబోసి, గిన్నెను తుడిచి, మళ్లీ నింపి నా చేతికిచ్చాడు. అవతలి గట్టు మీద నుంచి ఎవరో ఆయన్ని కేకేశారు. కాలువ వంతు వచ్చిందట. పార భుజాన వేసుకుని, నన్ను కూర్చోమని చేత్తో సైగ చేసి, నీళ్లు మళ్లించడానికి వెళ్లాడు. ఆయన తిరిగి రాకముందే రోడ్డు మీద మా ట్రక్కు హారన్ మోగింది. నేను లేచి వెళ్లిపోయాను.